చౌడు మడిలో సగటు బంతి

హలో, వినపడుతోందాండీ? గ్రూపులో అందరూ ఉన్నట్టేనా? ఉన్నవాళ్లు ఊఁ కొట్టండి, లేనివాళ్లు తీరిగ్గా చదువుకోండి. నేను మస్తాన్‌రావుని, చవిటిపాలెం టెంట్ హౌస్. పొద్దున్నే మీకు గులాబీ బొమ్మలు పంపేది నేనే. ఇవాళ గులాబీ లేదు, బంతిపువ్వు కథ ఉంది. కొంచెం పొడుగు. పొయ్యి మీద పాలుంటే దించుకుని రండి.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఎంత దగ్గరంటే, ఆ మధ్య తుఫానుకి సముద్రమే ఊరు చూసిపోదామని వచ్చింది. చూసి పోయింది గానీ ఉప్పు మాత్రం వదిలేసి పోయింది. ఎండలు ముదిరితే పొలాలన్నీ ముగ్గుపిండి ఆరబోసినట్టు తెల్లగా ఉంటాయి. అలాంటి చౌడు నేల మధ్యలో ప్రభుత్వం వారు పూల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి పెట్టారు. దాని పేరు బోర్డు మీద రెండు వరుసలు పడుతుంది. మేం పూల ఫారం అంటాం. అక్కడ ఏ సభ జరిగినా షామియానా, కుర్చీలు, మైకు నావే. కుర్చీలు వేసేవాణ్ణి బయటికి పొమ్మని ఎవరూ అనరు కాబట్టి, అక్కడ జరిగేవన్నీ నా కళ్ల ముందే జరుగుతాయి.

ఫారం గోడకి అవతల కుంచాల అంకమ్మ ఎకరం ఉంది. ఆమె బస్టాండు దగ్గర పూలమ్ముతుంది. తుఫానుకి ముందు సొంత చేలో పూసినవే కట్టి అమ్మేది. ఉప్పు పట్టాక ఆ ఎకరంలో ఏది చల్లినా మొలక రాలేదు. ఇప్పుడు పక్క ఊరి నుంచి కొనుక్కొచ్చి కడుతోంది. కొన్న పూలతో దండ కడితే మనకి మిగిలేది దారమే అంటుంది.

ఫారంలో డాక్టర్ ఎస్తేరు రాణి అని ఒక శాస్త్రవేత్త. చిన్న వయసే. ఆ అమ్మాయి ఊరూరా తిరిగి నాటు బంతి గింజలు రకరకాలవి ఏరుకొచ్చి, ఫారం మొత్తంలో అన్నిటికంటే చెడ్డ మడి చూసి అందులో వేసింది. మంచి మడులు ఉండగా ఇదేం పని తల్లీ అని అడిగాను. మంచి మట్టిలో అందరూ మంచివాళ్లే బాబాయ్, చౌడులో పడితేనే ఎవరి గుణం ఏంటో బయటపడుతుంది అంది.

సగానికి పైగా చచ్చిపోయాయి. బతికినవి మాత్రం ఒకదానితో ఒకటి పోలిక లేకుండా బతికాయి. ఒకటి నడుం ఎత్తు, పక్కది జానెడు. ఒకదాని పువ్వు పిడికిలంత, ఇంకోదానిది చొక్కా బొత్తామంత. పసుపు, నారింజ, ఎర్ర అంచువి. దూరం నుంచి చూస్తే దారిలో పెళ్లివారి బస్సు ఆగి జనం దిగినట్టుండేది ఆ మడి.

ఎస్తేరు మేడం సంబరం అంతా ఇంతా కాదు. జన్యువుల్లో తేడాలు ఉన్నాయి కాబట్టే కొన్నయినా నిలబడ్డాయట. అన్నీ ఒకేలా ఉంటే ఉప్పు కూడా అన్నిటినీ ఒకేసారి మింగేస్తుందట. నిలబడ్డవాటి గింజ అంకమ్మ చేలో వేయిస్తానని మాటిచ్చింది. ఒకటే షరతు. పువ్వు మొక్క మీదే ఎండి గింజ ముదరాలి, దానికి ఇంకో మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా మొక్క ప్రాణంతో ఉండాలి. అంకమ్మ రోజూ బస్టాండుకి పోతూ గోడ మీదుగా తొంగి చూసేది, పురిటికొచ్చిన కూతుర్ని చూసినట్టు. 

సరిగ్గా అప్పుడే సర్క్యులర్ దిగింది.

రాష్ట్రంలో ఆ శాఖ కింద ఉన్న ఆఫీసులన్నీ "ఏకరూపతా పక్షోత్సవాలు" జరపాలట. ఎక్కడ చూసినా అంతా ఒకే తీరుగా కనపడాలి, పక్షం చివర్లో తనిఖీ బృందం వస్తుంది, బాగా ఒకే తీరుగా ఉన్న ఆఫీసుకి షీల్డు ఇస్తుంది. పాపం ఆ సర్క్యులర్ రాసినాయన గేట్ల రంగుల గురించో, ఫైళ్ల అట్టల గురించో రాసి ఉంటాడు. అది వచ్చి పడింది మా ఫారం ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారి చేతిలో.

ఆయన మంచివాడండీ. పైసా ముట్టడు, టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. సర్క్యులర్ అంటే మాత్రం భక్తి. చదివే ముందు చెప్పులు విడుస్తాడని అటెండరు దావీదు అంటాడు గానీ, అది నేను చూడలేదు.

మొదటి రోజు గేట్లన్నిటికీ ఒకే రంగు వేయించారు. రెండో రోజు నా కుర్చీల మీద పడ్డారు. నా దగ్గర ఎరుపు, నీలం, ఆకుపచ్చ కలిపి ఉంటాయి, అన్నీ తెల్లవే కావాలన్నారు. తెచ్చాను. తర్వాత టీ గ్లాసులు, గోడ గడియారాలు. గడియారాలు ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయని అన్నిట్లోంచీ బ్యాటరీలు తీయించారు. అప్పుడు అన్నీ ఒకే టైము చూపించాయి. ఆ తృప్తితో సారు అలా పొలం వైపు నడిచి, బంతిమడి దగ్గర ఆగిపోయారు.

ఒక పొట్టి మొక్కనీ, దాని పక్కనున్న పొడుగు మొక్కనీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఎస్తేరు మేడాన్ని పిలిపించారు.

"డాక్టర్ గారూ, ఈ మడియందు క్రమశిక్షణ లోపించినట్టు నా దృష్టికి వచ్చింది."

తేడాలు ఉండటమే ఈ పరిశోధన సార్, తేడాల కోసమే వేశాం అని ఆమె చెప్పింది.

"తేడాల కోసమే వేశామని ఎక్కడా రాతపూర్వకంగా ఒప్పుకోకండి. మీ మేలు కోరి చెబుతున్నాను."

మర్నాడు ఎత్తు తక్కువ మొక్కలకి సంజాయిషీ నోటీసులు వెళ్లాయి. దావీదు ఒక్కో కాగితం ఒక్కో కాండానికి పురికొసతో కట్టాడు. గడువు ముగిశాక సారు అడిగితే, అందుకున్నాయి గానీ జవాబు ఇవ్వలేదండి అని చెప్పాడు. "మౌనం అంగీకారంగా భావించడమైనది" అని సారు ఫైల్లో రాసుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన మేడం రాసిన నివేదిక తెప్పించుకుని చదివారు. అందులో బంతిమొక్కల సగటు ఎత్తు అని ఒక అంకె ఉంది. ఆ ఎత్తు మొక్క ఏదో చూపించమన్నారు. ఆ ఎత్తులో ఏ మొక్కా లేదు సార్, అన్నిటి ఎత్తూ కలిపి భాగిస్తే వచ్చిన లెక్క అది అని మేడం చెప్పింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే మన కేంద్రంలో సగటు మంజూరై ఉంది. సగటు మొక్క నియామకం జరగలేదు. పోస్టు ఖాళీగా ఉంది."

ఖాళీ పోస్టు అంటే తనిఖీలో అడుగుతారు. అందుకని ఉన్న మొక్కల్నే సగటుకి తేవాలని నిర్ణయమైంది. పొట్టివాటిని మట్టితో సహా లేపి కింద ఇటుకలు పెట్టారు. పొడుగువాటి తలలు కత్తిరించమని దావీదు చేతికి కత్తెర ఇచ్చారు. అసలు గింజ పట్టే పువ్వులు ఆ తలల్లోనే ఉన్నాయి. గోడ అవతల నుంచి అంకమ్మ చూసి, పూలబుట్ట అక్కడే దించేసింది.

"ఏంది మస్తానన్నా, తలకాయలు తీస్తన్నారా? గింజ యాడ నుంచి వచ్చిద్ది ఇంక?"

అంతలో ఎస్తేరు మేడం పరుగున వచ్చి కత్తెరకి అడ్డం నిలబడింది. ఇవాళ కత్తిరిస్తే పక్కల నుంచి కొమ్మలు వేస్తాయి సార్, తనిఖీ నాటికి ఇంతకన్నా తేడాగా తయారవుతాయి అంది. అది నిజమే. సారు ఆలోచనలో పడ్డారు. ఆమె అనుకున్నది వేరు, ఆయనకి తట్టింది వేరు.

"అట్లయితే మూలానికే పోదాం. సదరు అసమాన మొక్కలన్నిటినీ తక్షణమే తొలగించవలెను. ఉత్తర్వు తయారు చేయండి."

గోడ అవతల అంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడు వారాల్లో గింజ వస్తుందని చూసిన మొక్కలు సాయంత్రానికి చెత్తకుప్పలో ఉండబోతున్నాయి. నేను కుర్చీలు సర్దుతున్నట్టు అక్కడే ఉండిపోయాను.

ఎస్తేరు మేడం గోడ అవతల అంకమ్మ చేను వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది. అచ్చం సారు గొంతే.

"సార్, తొలగింపు విషయమై విధివిధానాలు లేనియెడల రేపు ఆడిట్ వారు అభ్యంతరం చెప్పే అవకాశం కలదు."

సారు తల ఎత్తారు. ఇన్నాళ్లకి ఆ అమ్మాయి మనిషయింది అన్నట్టు చూశారు. రాయమన్నారు. ఆమె అక్కడే నా తెల్లకుర్చీలో కూర్చుని రాసి, చదివి వినిపించింది. సదరు మొక్కలు ప్రభుత్వ ఆస్తి అయినందున వేరు తెగకుండా, చుట్టూ ఉన్న మట్టిగడ్డతో సహా లేపవలెను. ప్రాంగణంలో ఉంచరాదు కనుక, యజమాని సమ్మతితో, గోడకి ఆవల ఉన్న నిరుపయోగ భూమికి తరలించవలెను. కుప్పగా పోసినచో ఏకరూపతకు భంగం కనుక, సమాన దూరంలో నిలువుగా పాతవలెను. తనిఖీ బృందం వారి కార్లకు దుమ్ము తగలకుండా సదరు స్థలంలో ప్రతిదినం ఉదయం, సాయంత్రం ఫారం ట్యాంకు నుంచి మంచినీళ్లు పోయవలెను.

సారు రెండుసార్లు విన్నారు. ఆయన కళ్లలో తడి చూశాను, అబద్ధం చెప్పను. 

"ఇది నేనే రాశానేమో అనిపిస్తోందమ్మా" అని సంతకం పెట్టారు.

యజమాని సమ్మతి కోసం అంకమ్మని గేటు దగ్గరికి పిలిచారు. నీ భూమి నిరుపయోగమైనదని ఒప్పుకుంటున్నావా అని సారు అడిగారు.

"పనికిమాలిందనే రాసుకోండయ్యా. ఏరు తెగకుండా పెట్టించండి, అదే పదివేలు."

ఆ సాయంత్రమే దావీదు, ఇంకో ఇద్దరు కూలీలు కలిసి ఒక్కో మొక్కనీ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గోడ దాటించారు. అంకమ్మ ముందు నడిచి గుంటలు చూపించింది. చౌడులో పుట్టి చౌడులో పెరిగిన మొక్కలు, చౌడులోనే దిగాయి. రెండు రోజులు తలలు వాల్చి, మూడో రోజు లేచి నిలబడ్డాయి. ఉత్తర్వు ప్రకారం నీళ్లు కూడా అందుతున్నాయి మరి. సర్కారు ఖర్చుతో నీళ్లు పోయించుకున్న బంతిపూలు మా తాలూకాలో అవే మొదలు.

ఇక ఇటు ఫారంలో మడి ఖాళీ. తనిఖీకి గడువు దగ్గర పడింది. సారు కడియం నర్సరీల నుంచి లారీడు బంతిమొక్కలు తెప్పించారు. ఒకటే ఎత్తు, ఒకటే రంగు, ఒకటే నవ్వు. చూడముచ్చటగా ఉన్నాయి. సాయంత్రం నాటారు. ఆ మొక్కలకి ఉప్పు సంగతి ఏం తెలుసు, పాపం. మర్నాటికి ఆకులు వడిలాయి, ఆ మర్నాటికి అన్నీ ఒకేసారి పడుకున్నాయి. చావులో కూడా ఏకరూపత చూపించాయని దావీదు గొణిగాడు, సారుకి వినపడలేదు.

తనిఖీకి ఒక రోజు ముందు సారు నన్ను పక్కకి పిలిచారు. చౌడుకి చావనివి, ఎత్తు ఒకేలా ఉండేవి, రేపు పొద్దుటికి దొరికేవి ఏవైనా ఉన్నాయా మస్తాన్‌రావ్ అని అడిగారు. ఆలోచించి చూస్తే ఆ మూడు గుణాలూ ఉన్న బంతి నా గోడౌన్లోనే ఉంది. పెళ్లి మండపాలకి కట్టే ప్లాస్టిక్‌ది. సారు ఒక్క క్షణం తటపటాయించి, దీన్ని తాత్కాలిక ఏర్పాటుగా పరిగణించమన్నారు. పరిగణించి నాటేశాం. 

బృందం వచ్చింది. పెద్దసారు లావుగా, నిదానంగా ఉన్నారు. నా తెల్లకుర్చీ ఎక్కడ వేస్తే అక్కడ కూర్చున్నారు. గేట్లు చూశారు, గడియారాలు చూశారు, బంతిమడి చూసి లేచి నిలబడ్డారు. స్కేలు పెట్టి కొలిపించారు. మొదటి మొక్కా, చివరి మొక్కా, మధ్యలోదీ ఒకటే.

"ఇటువంటి నేలలో ఒక్క ఆకు కూడా వాడిపోకపోవడం శాస్త్ర చరిత్రలో ఒక మైలురాయిగా నేను భావిస్తున్నాను" అన్నారు.

పురుగు కూడా పట్టలేదని ఇంకొకాయన రాసుకున్నాడు. మూడో ఆయన ఎందుకో వంగి వాసన చూశాడు. వాసన రావడం లేదే అన్నాడు. త్రివిక్రమరావు గారు మాత్రం తొణకలేదు.

"వాసన విషయంలో సైతం ఏకరూపత సాధించాం సార్."

ఆయన తలూపి అది కూడా రాసుకున్నాడు. ఎస్తేరు మేడం వెనక వరసలో నిలబడి ఆకాశం చూస్తోంది. పెద్దసారు షీల్డు ప్రకటించారు. అంతటితో పోకుండా, ఈ రకాన్ని వెంటనే రైతులకి విడుదల చేయాలన్నారు. 'లవణ సమత' అని పేరు కూడా ఆయనే పెట్టారు. త్రివిక్రమరావు గారు నా వైపు చూశారు. గోడౌన్లో ఇంకెన్ని ఉన్నాయి అన్నట్టుంది ఆ చూపు.

వారం తిరక్కుండా రైతు సదస్సు పెట్టారు. లబ్ధిదారుల్లో మొదటి పేరు అంకమ్మదే, గోడ పక్క రైతు కదా. స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పి, లవణ సమత గుత్తి ఒకటి చేతిలో పెట్టారు. ఆమె దాన్ని వేలితో నొక్కి చూసింది. మైకు ముందుకి పెట్టి రెండు మాటలు చెప్పమన్నారు.

"బాగుందయ్యా. దీనికి గింజ ఎప్పుడు కట్టిద్దో చెప్తే, నేను చేను దున్నించుకుంటా."

నేను మైకు మిషను దగ్గర తల వంచుకున్నాను. త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ రకంలో విత్తన దశ అవసరం లేకుండా చేశామమ్మా. రైతుకి ప్రతి ఏటా విత్తే శ్రమ తగ్గుతుంది. మాసిపోతే కడుక్కోవచ్చు."

చప్పట్లు కొట్టారు. అంకమ్మ కూడా కొట్టింది. దిగి వస్తూ నా పక్కన ఆగి, ఆ గుత్తి నా మైకు మిషను మీద పెట్టింది.

"నీ సామాను నువ్వు తీసుకో అన్నా. రేపు పెళ్లిలో తక్కువ పడిద్ది."

ఆ టైముకి ఆమె చేలో పువ్వులు మొక్కల మీదే ఎండుతున్నాయి. మాఘమాసం వెళ్లేలోపు ఎస్తేరు మేడం, అంకమ్మ కలిసి ఎండిన పువ్వుల్ని నలిపి, ఏ మొక్క గింజ ఆ మొక్కకి విడివిడిగా గుడ్డల్లో మూటలు కట్టారు. ఈ పని ఏ ఖాతా కింద చేస్తున్నావు తల్లీ అని అడిగాను. దుమ్ము నివారణ బాబాయ్ అంది. తొలకరి వానలకి పైనున్న ఉప్పు కొంచెం కడిగేసుకుపోయాక ఆ గింజలు ఎకరమంతా వేశారు. అన్నీ రాలేదు. వచ్చినవి చాలు. దసరా నాటికి ఆ ఎకరం ఎలా ఉందంటే, ఈసారి ఒక బస్సు కాదండీ, తిరనాళ్లకి వచ్చిన బస్సులన్నీ దిగినట్టుంది. ఎత్తు పల్లాలు, మొక్కకో రంగు, మధ్యమధ్య ఉప్పు తెల్లగా కనపడే చోట కూడా జానెడు మొక్క ఒకటి బొత్తామంత పువ్వు పెట్టుకుని నిలబడింది.

ఫారంలో ఆయుధపూజ రోజు. జీపుకీ, ట్రాక్టరుకీ దండలు వేయాలి. లవణ సమత దండలు వేయమని సారు చెప్పారట. ట్రాక్టరు డ్రైవరు, అమ్మవారికి ప్లాస్టిక్ చూపించి నేను బండి తోలనండి అని తాళాలు బల్ల మీద పెట్టాడట. దాంతో త్రివిక్రమరావు గారే నడుచుకుంటూ వెనక గేటులోంచి అంకమ్మ చేను దగ్గరికి వచ్చారు. నేను అప్పటికే అక్కడ నా మండపాలకి పూలు తీసుకుంటున్నాను. నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నారు. చేను వైపు మాత్రం చాలాసేపు చూశారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, లోపల సగటు వేస్తున్నారేమో అనుకున్నాను. 

దండ కావాలన్నారు. అంకమ్మ దారం తీసి మోచేతి నుంచి వేలి కొసదాకా సాచి మూరలు వేయడం మొదలుపెట్టింది. సారు ఉండబట్టలేకపోయారు.

"అమ్మా, ఆ మూర ఎవరిది?"

"నాదేనండి."

"ఒక్కొక్కరికి ఒక్కో చెయ్యి ఉంటుంది కదమ్మా. అందరికీ కలిపి ఒక ప్రమాణం ఉండొద్దా?"

"బస్టాండు కాడ సామ్రాజ్యం ఉందండి. ఆమెది నాకన్నా పొడుగు చెయ్యి. అక్కడ కొనుక్కోండి. కాకపోతే ఆమెయి నిన్నటి పూలు."

సారు చెయ్యి ఎత్తి తన మోచేతి వైపు చూసుకున్నారు. అంకమ్మ చేతి వైపు చూశారు. దించేశారు. ఎన్ని మూరలు కావాలో చెప్పారు. ఆమె కొలిచి, కట్టి, తుంచి, ఆకులో పెట్టి, మళ్లీ బుట్టలోంచి ఒక గుప్పెడు విడిపూలు తీసి పైన పోసింది. చిన్నవి, పెద్దవి, అంచు ఎర్రవి, అన్నీ కలిసిపోయాయి.

ఆయన చెయ్యి అలవాటుగా జేబులో పెన్ను మీదికి పోయింది.

"ఇవి ఏ లెక్కలోకి వస్తాయమ్మా?"

"ఏ లెక్కలోకీ రావయ్యా. కొసరు."

సారు పెన్ను తీయలేదు. ఆ పొట్లం రెండు చేతుల్తో పట్టుకుని, గోడ వెంబడి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లారు. దారిలో ఒకసారి ఆగి, పొట్లం ముక్కు దగ్గర పెట్టుకోవడం నేనూ అంకమ్మా ఇద్దరం చూశాం. ఆమె తర్వాతి బేరానికి దారం తీసుకుంది.

ఇదండీ సంగతి. పాలు పొంగకపోతే, కథ నచ్చితే, మీ గ్రూపుల్లోకి పంపండి. ఉన్నది ఉన్నట్టే పంపాలని నేను అనను. మీ ఊరి మాటలు కలుపుకోండి, మీకు నచ్చనిది తీసేయండి, మీ ఆఫీసులో సారు గుర్తొస్తే ఆయన్ని కూడా ఒక మూల నిలబెట్టండి. తిరిగి తిరిగి నా ఫోనుకే వచ్చిందనుకోండి, నేనే గుర్తుపట్టనంత వేరుగా రావాలి. అప్పుడు దాన్ని కూడా చదివి ఇంకో నలుగురికి పంపుతాను.